వెనక వైపు

మందపల్లిలో నూనె ఇంకా మోచేతుల దాకా జారుతూనే ఉంది.
"స్నానం చేసి నేరుగా నడవండి, వెనక్కి తిరక్కండమ్మా"
పంతులుగారు అందరికీ కలిపి ఒకేసారి చెప్పేశారు.
వెనకాల మేం విడిచిన పాత చీరలు,
వాటిని కర్రతో లాగి మూటకట్టే పిల్లాడు.

నేను తిరగలేదు.
వరహాలు పెద్దమ్మ ఆటో దాకా వచ్చి ఆగింది.
"ఆ నీలం అంచుది మీ పెదనాన్న కొన్నదే.
తెల్లారుజామున చూసుకోకుండా సంచిలో పెట్టేశాను."
మెడ బిగబట్టి
ఎదురుగా ఉన్న కొబ్బరికాయల లారీతో చెప్పింది.

దావీదు బండి తీశాడు.
ఏ గుడి ఎన్నింటికి మూస్తారో
ఆదివారాలు చర్చికెళ్ళే ఇతనికే బాగా తెలుసు.
"ర్యాలి పన్నెండుకల్లా కట్టేస్తారండి, ఆయ్!"
కాలవగట్టు, పూతరేకుల బోర్డులు,
లాకుల దగ్గర ఒక కుదుపు.

ర్యాలిలో ముందు విష్ణువు.
అర్చకులు దీపం పట్టుకుని పక్కకి జరిగి
"ఇప్పుడు వెనక్కి రండి, అసలు చూడాల్సింది అక్కడే" అన్నారు.
నల్లరాతిలో కొప్పు. నడుం ఒంపు.
పిక్క మీద పుట్టుమచ్చ కూడా!
అంతటి దేవుడికీ వీపున ఒక ఆడమనిషి.

పాదాల దగ్గర ఊరే నీళ్ళు నెత్తిన చల్లినా
పెద్దమ్మ కదల్లేదు.

తిరుగుదారిలో మందపల్లి మలుపు.
"కాస్త ఆపు దావీదూ."
ఎందుకని అతను అడగలేదు.
పెద్దమ్మ మొత్తం ఒళ్ళంతా తిప్పి చూసింది.
సైకిలు వెనక మూట, మూటలోంచి
నీలం అంచు జారి చక్రం దాకా వేలాడుతోంది.

"ఒరేయ్ అబ్బాయ్, పైకి దోపుకో, చిరుగుద్ది!" అని కేకేసింది.
తర్వాత నాతో, మామూలుగా,
"ఇంకో నాలుగేళ్ళు కట్టుకోవచ్చులే ఎవరైనా."