వెనక బెంచీ లేని గది

మా క్లాసులో కుర్చీలు తొమ్మిది.
మేం ఎనిమిది మందిమి, ప్రొఫెసర్ హార్కర్ ఒకరు.
అంతే లెక్క.
బల్ల గుండ్రం కాబట్టి
వెనక బెంచీ అనేదే లేదు.

మొదట్లో అది నాకు శిక్షలా తోచింది.
మెయిన్ రాష్ట్రపు ఉత్తర కొసన
బంగాళాదుంపల చేలోంచి వచ్చినదాన్ని,
గోళ్ల కింద మట్టి ఇంకా పోలేదు.
ఇంట్లో ఫ్రెంచి, బళ్లో ఇంగ్లిషు,
రెంటికీ మధ్య నోరు మూసుకోవడం బాగా వచ్చు.
ఎవరో పొడుగాటి కుర్రాడి వీపు చాటున
నాలుగేళ్లూ గడిపేద్దామనుకున్నాను.
ఇక్కడ వీపులే లేవు.
అన్నీ ముఖాలే.

"డెల్ఫీన్, ఈ రాయి మీద గీతలేంటి?"
నీళ్లు నమిలాను.
ఆవిడ గడియారం చూడలేదు,
పక్కవాడి పేరు పిలవలేదు.
కిటికీ బయట నవంబరు మంచు.
గోడవారన రేడియేటర్ టిక్కు టిక్కుమంటోంది.
చివరికి నోరు పెగిలింది:
"నాగలి గీకిందేమో."
ఎవరూ నవ్వలేదు.
ఎందుకలా అనుకున్నావని మాత్రం అడిగారు,
నిజంగా తెలుసుకుందామనే అడిగారు.
ఆ తప్పు చుట్టూ గంటసేపు నడిచింది క్లాసు.
నాగలి ఎంత బరువు, రాయి ఎంత గట్టి,
గీతలన్నీ ఒకే దిక్కుకి ఎందుకున్నాయి,
తవ్వుకుంటూ తవ్వుకుంటూ పోతే
మైలు మందాన మంచు
మా చేల మీదుగా ఈడ్చుకుపోయిన కాలం తగిలింది.
నాగలే మరి.
కాకపోతే మా నాన్నది కాదు.

మా పినతండ్రి కొడుకు రెజాన్ చదివింది పెద్ద యూనివర్సిటీ.
ఐదువందల మంది పట్టే హాలు,
మైకులోంచి గొంతు,
పరీక్ష కాగితాలు మెషీను దిద్దేది.
పాఠం చెప్పినాయనకి కళ్లజోడుందో లేదో
వాడికి ఇప్పటికీ అనుమానమే.
అక్కడ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు వరసగా ఉండేవట,
ఈర్ష్యపడ్డాను, ఎందుకు దాచాలి.
మాకున్న మంచి మైక్రోస్కోపు ఒక్కటే,
దానికీ ఎడమవైపు స్క్రూ వదులు.
కానీ రాత్రి పదకొండింటికి
ఆ గది తాళంచెవి
నా జేబులో ఉండేది.

అంతా వెన్నెలేం కాదు.
కోర్మాక్‌తో మాటలు మానేసిన ఫిబ్రవరంతా
రోజూ వాడికెదురుగానే కూర్చున్నాను.
కెమిస్ట్రీ చెప్పే ఒక్కగానొక్కాయనా
నడుం పట్టేసి పడుకుంటే
కెమిస్ట్రీ కూడా మూడు వారాలు పడుకుంది.
రష్యన్ నేర్చుకుందామనుకున్నాను,
కేటలాగులో ఉంది,
చెప్పేవాళ్లు లేరు.

రెండో ఏడు కోతలకని ఇంటికి వెళ్లి
తిరిగి వెళ్లలేదు నేను.
నాన్న చెయ్యి విరిగింది, మనుషులు దొరకలేదు,
అడిగేదెవరులే అనుకున్నాను.
తొమ్మిదో రోజు చేను గట్టున
తుప్పు పట్టిన పచ్చకారు ఆగింది.
ప్రొఫెసర్ హార్కర్ చేతిలో నా వ్యాసం.
"మూడో పేజీ నువ్వు చూసి రాసింది కాదు, ఊహించి రాసింది.
మళ్లీ రాయి."
నాన్న వైపొకసారి చూసి, చేతులు మడిచి
యంత్రం ఎక్కారు.
బెల్టు మీద దుంపల్లోంచి రాళ్లు ఏరుతూ
చీకటి పడేదాకా
ఏరిన ప్రతి రాయి పుట్టుకా చెప్పారు.
నాన్న, ఎన్నడూ ప్రశ్నలడగని మా నాన్న,
రెండు ప్రశ్నలడిగాడు.
వెళ్తూ వెళ్తూ ఆవిడ అన్నదింతే:
"ఎనిమిదిలో ఒకరు పోతే ఎనిమిదో వంతు క్లాసు పోయినట్టు.
లెక్కలు వచ్చు కదా నీకు?"

పోయినేడు ఆ కాలేజీ మూతబడింది.
చేరేవాళ్లు లేరట, అప్పులట.
చిన్నవి అలాగే పోతాయి,
చప్పుడు కూడా చిన్నదే.
గుండ్రబల్లని ఎవరో హోటలువాళ్లు పట్టుకుపోయారు.
వేలంలో నేను నలభై డాలర్లకి
ఆ మైక్రోస్కోపు కొన్నాను.

మా సర్వే ఆఫీసులో నా బల్ల మీదుంది.
కొత్తగా చేరిన విన్‌ఫ్రెడ్
నిన్న ఏదో తప్పు చెప్పి నాలుక్కరుచుకుంది.
కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.
"ఎందుకలా అనుకున్నావు?"

స్క్రూ ఇప్పటికీ వదులే.
చూస్తున్నంతసేపూ
ఒక వేలితో పట్టుకునుండాలి.