నూటికి ఎన్ని

తుమ్మలపెంట హేచరీలో నా పని
రొయ్యపిల్లలకి పరీక్ష పెట్టడం.
నూరు లెక్కబెట్టి బీకరులో వేస్తా,
ఉప్పదనం సగానికి తగ్గించిన నీళ్ళల్లో.
అరగంట.
ఆ తర్వాత టార్చి కొట్టి చూస్తే
కదిలేవి ఒక గడి, కదలనివి ఒక గడి.
తొంభై దాటితే ఆ తొట్టి లారీ ఎక్కుతుంది.
పదకొండేళ్ళు.
ఎట్టుందే నీకు అని
ఒక్క రొయ్యని కూడా అడగలా.

నెల్లూరు ఆస్పత్రి మూడో అంతస్తులో
డాక్టర్ రహమతున్నీసా నా ముందు
పద్దెనిమిది పేజీల ఒప్పుదల కాగితం పరిచింది.
మాంసకృత్తు అని ఉంది అందులో.
ఎనిమిదో తరగతి తర్వాత ఆ మాటని మళ్ళీ చూడడం ఇదే.
అప్పుడది కందిపప్పులో ఉండేది.
ఇది మనుషులు కూర్చుని అల్లిందంట,
ఒక్కో పూస మార్చి, పారేసి, మళ్ళీ గుచ్చి.
పేరింకా పెట్టలేదు. రెండక్షరాలు, నాలుగంకెలు.

ఆమె బొమ్మ గీసింది.
ఎడం కిడ్నీ తీసేసినా
అక్కడి గింజలు ఊపిరితిత్తిలో మొలిచినాయి.
అవి రక్తనాళాల్ని కేకేసి తమవైపు పిలుచుకుంటాయంట.
ఆ కేకని దారిలోనే పట్టుకోవడం దీని పని.
నాకు వెంటనే అర్థమయింది.
మా నాయన కావలి కాలవ మీద లస్కరు.
రాత్రిళ్ళు గట్టుకి కన్నం పెట్టి
దొంగ తూములు వేసుకునేవాళ్ళ కోసం
సైకిలు మీద తిరిగేవాడు, భుజాన పార.
అన్నీ పూడ్చాడా?
కొన్ని పూడ్చాడు. కొన్నిసార్లు తన్నులు తిన్నాడు.

"దీనివల్ల నీకు మేలు జరుగుతుందని మేం చెప్పడంలేదు"
రెండుసార్లు చదివి వినిపించింది నర్సు సువార్త.
నేను మూడో వరస.
మొదటి వరస ముగ్గురికి చుక్క,
రెండో వరసకి దానికి రెట్టింపు, మాకు ఇంకొంచెం.
"ముందోళ్ళు ఎట్టుండారు?" అన్నా.
పేర్లు చెప్పకూడదంట.
ఒకాయనకి బీపీ లేచింది, ఆపేశారంట.
సంతకం దగ్గర పెన్ను కాసేపు ఆగింది.
గాజు గోడ లోపలినుంచి ఎట్టా కనపడుద్దో
చూస్తా ఉండా.

మూడు వారాలకొకసారి, గంటన్నర సీసా.
తొలిసారి ఒళ్ళంతా వణుకు.
దుప్పటి మీద దుప్పటి కప్పి సువార్త
గడియారం చూసి ఏదో గడిలో రాసుకుంది.
ఏం రాసిందో నాకు తెలుసు.
కదులుతుంది అని.

నిన్న స్కానింగు వచ్చింది.
అట్నే ఉండాది. పెరగలా, తగ్గలా.
నాకు కాళ్ళల్లో సత్తువ జారింది.
డాక్టరమ్మ మాత్రం ఆ మచ్చ అంచుల్ని
తెర మీద మూడుసార్లు కొలిచి
అట్నే, అట్నే అని తనలో తను అనుకుంటా ఉంది,
చెవికి పోగు దొరికిన పిల్లలాగా.

ఈ పొద్దు మళ్ళీ బీకరు.
తొంభై ఆరు.
పరీక్షకి పెట్టినవాటిని తొట్లో కలపకూడదు.
బ్లీచింగు బకెట్లో పొయ్యాలి, బతికినవైనా.
పోశాను.
పొయ్యబోయే ముందు ఇంకోసారి లెక్కబెట్టా.
తొంభై ఏడు.
అడుగున ఒకటి ఆలస్యంగా కదిలింది.
రిజిస్టరులో కొట్టేసి
మళ్ళీ రాశా.