మల్లా ఆర్నెల్లకు

చాందా ల్యాబోళ్లు ఇచ్చిన కాగితం మీద
నా నెత్తురు గుట్టలు గుట్టలుగ ఉన్నది.
ముందు ఒక ఎత్తు గుట్ట, తర్వాత చిన్న చిన్న దిబ్బలు,
చివరన ఒక్కటి మాత్రం సూదిలెక్క నిలబడ్డది.
పైన రాసిండ్రు: ఆకుదారి మొండయ్య, డెబ్బై ఒకటి.

"ఇదే" అన్నది ఉమరె మేడం, పెన్ను మూతతోటి తాకి.
"ఒక్క తీరు కణాలు ఒక్క తీరు ప్రోటీనే చేస్తున్నయి.
ఇప్పటికి రోగం కాదు. ఎన్నటికీ కాదని రాసియ్యలేను.
ఘాబరూ నకా. మల్లా ఆర్నెల్లకు రా."

మందు రాయలే.
బస్సుల బానక్క చీటీని అటు తిప్పింది, ఇటు తిప్పింది.
ఇంత తొవ్వ, ఇన్ని పైసలు, ఒక్క గోలీ గూడ లేదా?
ఆలపల్లి దాటినా ఆమె కోపం దిగలే.

నాకు ఈ కొలువు ఎరుకే.
ముప్పై ఒక్క ఏండ్లు సిరొంచల, ప్రాణహిత ఒడ్డున,
గేజి పలక చూసి నీళ్లు రాసిన.
వానకాలం గంటగంటకు.
నీళ్లను ఆపుమని నాకెవ్వలూ చెప్పలే.
చూడు, రాయి, వైర్‌లెస్‌ల చెప్పు.
నడిరాత్రి టార్చి కొడితే
అంకె మీద కప్ప కూసుండేది.
కర్రతోటి దాన్ని జరిపి రాసుకునేటోణ్ని.
నది పొంగిన రాత్రులు బాగనే గడిచేటివి.
పొంగుతదో లేదో తెల్వని రాత్రులే
కన్ను మూతపడకపోయేది.

ఇంట్ల పాత రిజిస్టరు ఒకటి మిగిలింది,
సగం ఖాళీ.
ఫిబ్రవరి: సున్నా పాయింటు తొమ్మిది.
ఆగస్టు: సున్నా పాయింటు తొమ్మిది.
మల్లా ఫిబ్రవరి: ఒకటి పాయింటు ఒకటి.
"అంత తేడా మిషన్‌ది కావచ్చు" అన్నది మేడం.
కావచ్చు. అల తగిలితే పలక మీద
అంత తేడా మేమూ ఇడిచిపెట్టేటోళ్లం.

పొద్దున పొద్దున బానక్క అడుగుతది,
మేడం నేర్పిన సవాళ్లు, చాయ పోసుకుంట:
నడుము గుంజుతున్నదా? మూత్రంల నురుగా?
బొక్కలు నొస్తున్నయా?
లేదంట. రాస్త.

ఉద్యోగంల ఒక్కసారే దొంగ అంకె రాసిన,
మూడింటిది నాలుగింటికి, నిద్రపట్టి.
ఆ రాత్రి నీళ్లు కదల్లే. ఎవ్వలికీ తెల్వదు.

మొన్న నాలుగు దినాలు నడుము నొచ్చింది.
లేదన్న. లేదనే రాసిన.
ఐదో నాడు తగ్గింది. అప్పుడు కూసొని
నాలుగు 'లేదు'లు కొట్టేసి, పక్కన
'ఉండె' అని నాలుగుసార్లు రాసిన.
రిజిస్టరు మంచం మీద ఇడిచిన.

బానక్కకు చదువు తక్వ, కొట్టివేతలు మాత్రం కనవడ్తయి.
ఒక్క మాట అనలే.
ఆర్నెల్లకు ఇంకా మూడు నెలలున్నయి.
బ్యాగుల నా తువ్వాల పెట్టుకుంట అడిగింది,
చాందా బస్సు పొద్దుగాల ఎన్నింటికని.