అక్షరానికి పన్నెండు రూపాయలు

చీమకుర్తిలో నాది రాతి మీద రాత పని.
గుడి మెట్టు, బడి గోడ, బస్సు షెల్టరు,
శ్మశానం గేటు,
ఎవరేది కట్టించినా పేరు నా ఉలి కిందికి రావాల్సిందే.
అక్షరానికి పన్నెండు రూపాయలు.
ఒత్తుకి వేరే లెక్క లేదు,
'శ్రీ' మాత్రం ఊరికే కొడతా.

మా అమ్మ అంకమ్మ. ఆ పేరే కాస్త చెక్కి
పిల్లకి అంకిత అని పెట్టుకున్నాం.
'అంకితం' అని ఎన్ని రాళ్ళ మీద కొట్టానో,
ఒక్కసారీ తప్పు పోలా.

పన్నెండో ఏడు వచ్చాక
బడిసంచి ఎడమ భుజం మీంచి జారడం మొదలైంది.
సంచిదే తప్పనుకున్నా.
రెండుసార్లు పట్టీ కుట్టించా.

ఒంగోల్లో ఎక్స్‌రేని వెలుగులో పెట్టి
డాక్టరు నోరు తెరిచేలోపే చూశా,
దారం కొట్టకుండా గీసిన గీత.
ముప్పై ఏళ్ళుగా ఎవరి రాతలో వంకరైనా
ఇట్టే పట్టేవాణ్ణి,
నా వాకిట్లో తిరిగేదాన్ని పట్టలేకపోయా.
రాయి తప్పితే రాయి మారుస్తాం.

రెండు కడ్డీలు, పద్దెనిమిది స్క్రూలు అన్నారు చెన్నైలో.
స్క్రూ ఒక్కోటి తొమ్మిది వేలు.
కార్డు ఉంది. ఈ ఆపరేషను కార్డులో లేదు.
తిరుగు రైల్లో లెక్కేశా:
స్క్రూకి ఏడువందల యాభై అక్షరాలు.
అంత పొడుగు పేరున్న దాత
మా జిల్లాలో లేడు.

ఫోన్‌లో పెడదామన్నాడు సెల్ షాపు ఇమ్మానుయేలు.
"నవ్వే ఫోటో వద్దు మామా, నవ్వితే డబ్బులు రావు."
వీపు ఫోటో అడిగాడు.
వాళ్ళమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది.
కాసేపటికి తనే లోపలికెళ్ళి ఎక్స్‌రే కవరు తెచ్చింది.
"ఇది పెట్టు. ఎముకలకి సిగ్గుండదు."

మొదటి రోజు ఒక రూపాయి.
నంబరు పనిచేస్తందో లేదో చూశారంట ఎవరో.
ఆ రూపాయికే ఫోను గజగజలాడి
నా చేతిలోంచి రాతిపొడిలో పడింది.
తర్వాత టీ కొట్టు మాలకొండయ్య నూటపదహార్లు.
"పెళ్ళికి చదివించినట్టుందిరా" అంటే
"పెళ్ళిక్కూడా చదివిస్తాలే,
ముందు పిల్లని నిలబెట్టు" అన్నాడు.
క్వారీ గుంటలో ఒరియా కుర్రాళ్ళు తలా యాభై.
మస్తాన్‌బీ కోడిగుడ్ల డబ్బు.
కనిగిరి నుంచి, కువైట్ నుంచి,
పేరు బదులు నాలుగు అంకెలున్నవాళ్ళ నుంచి.
పాలిషింగ్ ఫ్యాక్టరీ ఓనరు పదివేలిచ్చి
వాళ్ళ నాన్న పేరు చెక్కమన్నాడు, రాయి కూడా ఆయనదే.
చెక్కా. కూలి అడగలా.
ఒత్తులు కాస్త లోతుగానే దింపా.

ఆ పైన పదకొండు రోజులు ఏమీ రాలా.
టీ తాగేవాళ్ళలో ఇచ్చినోళ్ళెవరు, ఇవ్వనోళ్ళెవరని
గ్లాసు వెనకనుంచి చూసేవాణ్ణి.
ఆ చూపుకి ఇప్పటికీ సిగ్గే నాకు.

మొత్తం పద్నాలుగు వందల ముగ్గురు.

ఇంటికొచ్చాక ఒక నల్లరాయి పలక దించా,
అందరినీ చెక్కుదామని.
ఫోన్ చూసి సుద్దతో రాసుకుంటూ పోతే
సగం మందికి పేరే లేదు.
ఆ రూపాయి మనిషి ఆడో మగో తెలీదు.
రాయిని గోడకి ఆనించి వదిలేశా.
ఎండ పడితే దాన్నిండా చుక్కలు,
మా చీమకుర్తి రాయి అంతే, ఎవరూ చెక్కకుండానే.

పిల్ల రెండంగుళాలు పెరిగింది, ఆపరేషన్ బల్ల మీదే.
సంచి జారడం లేదు.
రాత్రి వాళ్ళమ్మ వీపుకి మందు రాస్తుంటే
గడపలో అటు తిరిగి కూర్చున్న నన్ను అడిగింది:
"నాకు కనపడదుగా నాన్నా,
అంత పొడుగున ఏం రాశారు?"

వీధి వైపు చూస్తూనే మొదలుపెట్టా.
"పేరు తెలీని మనిషి, ఒక రూపాయి.
మాలకొండయ్య, నూటపదహారు.
మస్తాన్‌బీ..."

"అమ్మా, వేలు కదపవేం?"

"ఆగవే.
మీ నాన్న ఇంకా మెడ దగ్గరే ఉన్నాడు."