ఎడమచేతి ముడి

మాల్పీకా రేవులో నేను వలలు బాగుచేస్తాను.
ఇరవై ఏళ్లుగా అదే ముక్కాలిపీట, అదే కండె,
ఒళ్లో వేరేవాళ్ల సముద్రం.
చిరుగు ఎక్కడ మొదలైందో ముందు వేళ్లకే తెలుస్తుంది,
కళ్లు తర్వాత వచ్చి ఔనంటాయి.

నా ఒంట్లో చిరుగు మాత్రం
రెండుసార్లు జారిపోయాక గాని తెలియలేదు.

మొదటివాడు పంతొమ్మిదో వారం.
నొప్పి లేదు. అదే ఎవరూ నమ్మరు.
సార్డీన్ల ధర పడిపోయిందని దోసిందాతో అంటూ లేచాను,
ఎవరో చప్పుడు కాకుండా గడియ తీసినట్టు.
రెండోది ఆడపిల్ల. ఇరవై ఒకటో వారం.
దానికి పేరు పెట్టుకున్నాం. ఇక్కడ చెప్పను.

కొరూన్యా ఆస్పత్రి వాళ్లు కాగితం మీద రాశారు:
గర్భసంచి ముఖద్వారం, అసమర్థం.
అసమర్థమట!
తుఫాను వెలిసిన పొద్దున
ముప్ఫై బారల వల పడవ కదిలేలోపు అందించినదాన్ని.
దోసిందా అద్దాలు పెట్టుకుని చదివి, నాలుగు మడతలు పెట్టి,
"రాసినవాడు ఎన్నిసార్లు కన్నాడో" అంది.

మూడోసారి, పదమూడో వారంలోనే, బల్ల మీద పడుకున్నాను.
నడుం కింద నేను లేను.
"సంచి మూతికి తాడు బిగించినట్టే" అంది డాక్టరు ఎయిరోవా.
ఏం దారం, అడిగాను.
అల్లిన పట్టీ, కరగదు.
తడిస్తే సాగుతుందా?
సాగదు.
ముళ్లెన్ని?
ఆమె చేతులాగాయి.
ఇంతవరకూ ఎవరూ అడగలేదంది. అయిదు.

ఆ తర్వాత తుమ్మితే భయం, నవ్వితే భయం.
నిండు గిన్నె పట్టుకుని మెట్లెక్కుతున్నట్టు నడక.
ఊళ్లో ఎవరూ ఉన్ని మేజోళ్లు అల్లలేదు, శుభం అనలేదు,
మాట పడితే బరువుకి తెగుతుందేమోనని.
రోకె మాత్రం ఐర్లండ్ పక్క నీళ్లలోంచి ఫోన్ చేసేవాడు,
గాలిలో సగం మాటలు కొట్టుకుపోయేవి.
ఎలా ఉన్నావు అని అడిగేవాడు కాదు.
"ముడి ఎలా ఉంది?"
"ఉంది."
పెట్టేసేవాడు.

ముప్ఫై ఏడో వారం. కత్తిరించారు. రెండు నిమిషాల పని.
నాది నాకిమ్మన్నాను.
గాజుగుడ్డలో చుట్టి ఇచ్చింది నర్సు: జానెడు లేదు.
వెలుతురుకి తిప్పి చూస్తే ముళ్లన్నీ వాలుగా అటు పడుకున్నాయి.
"మీది ఎడమచేతివాటమా?"
ఎయిరోవా తన చెయ్యి తాను చూసుకుంది.
"మా అమ్మ కొట్టి మాన్పించాలని చూసింది."

ఇక ఏ క్షణమైనా, అన్నారు.
రోకె ఒడ్డుకొచ్చాడు. సంచీ గుమ్మం దగ్గర పెట్టాం.
పది రోజులు. ఏమీ లేదు.
అలకట్ట చివరిదాకా పోయి రావడం, మళ్లీ పోవడం.
ఇరవై నాలుగు వారాలు వద్దు వద్దని బతిమాలి
ఇప్పుడు రా రా అంటే వింటుందా ఎవరైనా?
సెలవైపోయి రోకె పడవెక్కాడు.
దాని మూతి ఎప్పుడు తెరవాలో దానికే తెలుసు,
అసమర్థురాలికి.

పదహారో రోజు రాత్రి వచ్చింది. ఈసారి నొప్పి ఉంది.
నొప్పికి దణ్ణం పెట్టాను.

ఆ పట్టీ ఇప్పుడు నా కండెల డబ్బాలో ఉంది.
ఒక్కోసారి తీసి, ఆ ఇద్దరికీ కొలుస్తాను.
సరిపోయేది.

తెల్లారుజామున ఫోన్ మోగింది. గాలి. మళ్లీ గాలి.
అలవాటు కొద్దీ అతను
"ముడి ఎలా ఉంది?"
"ఏడుస్తోంది" అన్నాను,
"విను."