సూచనలకు రెండు గీతలు

మీ ఫారం అందింది.
సభ్యత్వ పునరుద్ధరణ, ఆఖరు తేదీ, ఆలస్యమైతే జరిమానా.
అడుగున ‘సూచనలు ఏవైనా’ అని
రెండు గీతలు కొట్టి వదిలారు.
చూరు కింద పిచ్చుకకు వదిలినంత చోటు.

నాకు చాలదు. కాగితం తిప్పి వెనక రాస్తున్నా.

మొన్న వార్షికోత్సవంలో
కోటిరెడ్డి సర్కిల్ దగ్గరి హోటల్లో
నాకు శాలువా కప్పారు. కడపలో. మే నెలలో.
చేతిలో పెట్టిన గాజు జ్ఞాపిక మీద
వకుళ పోయి వకుల అయింది.
దాన్ని బాల్కనీ తలుపుకు అడ్డం పెట్టుకున్నా,
గాలికి కొట్టుకోవడం లేదు.
ఆ మేరకు సంఘానికి రుణపడి ఉన్నా.

ఎర్రముక్కపల్లెలో ఆ ఇంటికి మూడు నెలలు తిరిగాను.
పడమటి ఎండ వంటింట్లోకి దిగకుండా
కిటికీని పదకొండు సార్లు కాగితం మీద జరిపాను.
పెద్దామె మోకాలు వంగదని
పప్పు డబ్బాల అరను నడుమెత్తుకు తెచ్చాను.
ఇంటాయన అన్నిటికీ ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు.
గోడలు లేచాయి, కిటికీ నిలబడింది,
అప్పుడన్నాడు:
“నాలుగు గీతలకు అంత దుడ్డేంది మ్మా?
మా బామ్మర్ది గూడా గీస్తాడు.”

మీకు ఫోన్ చేశాను.
కార్యదర్శి గారు టైల్స్ ఎగ్జిబిషన్లో ఉన్నారు.
కోశాధికారి గారు “రాతకోతలున్నాయా?” అన్నారు.
లేవు.
మాటే పత్రమని మా నాయన దగ్గర నేర్చుకున్నా,
తప్పు నాదే.
కానీ ఒక్క పేజీ ఒప్పందం, తెలుగులో,
ఇంటాయన కూడా కళ్లద్దాలు పెట్టుకుని చదువుకోగలిగేది,
మీ బీరువాలో ఉండుంటే!
ఆరేళ్ల చందాకు ఒక్క పేజీ రాదా?

వీరనారాయణ సారు వచ్చాడు, ఎవరూ పంపకుండానే.
మున్సిపాలిటీలో నక్షాలు గీసి రిటైరైన మనిషి.
మీ మీటింగుల్లో చివరి వరుస,
గ్రూపు ఫొటోకి ముందే చెప్పులేసుకునే మనిషి.
నా కాగితాల చుట్ట చంకలో పెట్టుకుని
ఆ ఇంటి వరండాలో కూర్చున్నాడు.
అరవలేదు.
“ఈ పాప పని నేను చూసినా. ఈడనే ఉంటా రోంతసేపు”
అన్నాడంతే.
మజ్జిగ ఇస్తే తాగాడు.
పేపరు చదివాడు, పెళ్లి ప్రకటనలతో సహా.
పొద్దు వాలింది.
ఎండ ఆ కిటికీ దాకా వచ్చి
పక్క గోడ మీద ఆగిపోయింది, లోపల వంటిల్లు చల్లగా ఉంది.
సారు అటు వేలు పెట్టి చూపించాడు.
కాసేపటికి లోపల బీరువా తెరిచిన చప్పుడు.

సగమే ఇచ్చాడు. సగం ఇంకా రావాల.
అయినా ఆ మధ్యాహ్నం
సంఘం ఎర్రముక్కపల్లెలో
రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉంది.
బ్యానర్ కట్టలేదు. మైకు లేదు.

ఇంకొకటి.
నా వంటిళ్లకు నల్లబండలు కోసే దస్తగిరి
రెండు నెలలుగా దగ్గుతున్నాడు.
మిషన్ ముందు ముక్కుకు తువ్వాలే అడ్డం.
ఉమ్మితే బండ రంగు.
“అక్కా, మీ సంఘంలో మాకేమన్నా చోటుంటాదా?” అంటే
కనుక్కుంటానని చెప్పా.
ఫారం చూశాను. డిగ్రీ, కాలేజీ, పాసైన సంవత్సరం.
అతనికి బండ మీద వేలు మీటితే
లోపలి చీలిక వినిపిస్తుంది.
అది ఏ గడిలో రాయమంటారు?
పోనీ, డిసెంబరు విందులో ఐస్‌క్రీం మానేసి
నాలుగు మంచి మాస్కులు కొనగలరా?

కొత్తగా చదువుకొచ్చిన పిల్లలు
ఎంత అడగాలో తెలీక ఊరికే గీసిస్తున్నారు.
ఎంత అడగాలో నాకూ ఎవరూ చెప్పలేదు,
ప్రొద్దుటూరులో మొదటి దుకాణానికి
నేను తీసుకుంది ఒక పట్టుచీర.
నెలకో ఆదివారం వాళ్లను నా మేడ మీదికి పంపండి.
టీ నాది. సారును నేను పిలుస్తా.

చందా జత చేస్తున్నా.
కోపం కోపమే, బాకీ బాకీయే.
రసీదు పంపేటప్పుడు మాత్రం
నా పేరు దగ్గర ఆగి, ‘ళ’ చూసి రాయండి.