రెండున్నర రోజులు

చోడిచేలో గొంతుక్కూర్చుని జరిగిన దూరం
ఎవరూ కొలవరు.
కొలిస్తే ఈపాటికి
ఖాట్మండూ పోయి వచ్చేదాన్ని, నాలుగుసార్లు.

మా కొండకి మడులు మెట్లుమెట్లుగా,
ఒక్కోటి గేదె పొర్లితే నిండేంత.
ఎద్దు తిరగదు. యంత్రం ఎక్కదు.
ఎక్కేవి రెండే: నేనూ, గరికా.

పోయినేడు ఎవరో జీపులో వచ్చి
చక్రమున్న దంతె ఒకటి ఇచ్చి
ఫొటో తీసుకుని పోయారు.
దాని పిడి నా గడ్డం దాకా.
మూడో మడిలోనే చక్రం రాయెక్కి
నన్నూ, పది చోడిమొక్కల్నీ
కింది మడిలోకి దించింది.
మా అత్త పడీపడీ నవ్వింది:
"నిలబడి తీసేది కూడా కలుపేనా,
పెళ్ళి చూడ్డానికొచ్చినట్టుంది!"

దాన్ని భుజానేసుకుని కొలిమికి పోయాను.
కమ్మరి హస్తబీర్.
గడప లోపలికి మావాళ్ళు రానివ్వని మనిషి;
మా అందరి నడుముల్లోనూ అతని కొడవలే.
చక్రం ఊడబీకి అవతల పడేశాడు.
"దీనికి చదునునేల కావాలి. మనకేదీ?"
పాత లారీ స్ప్రింగు పట్టా ఎర్రగా కాల్చి
మూడు గోళ్ళు సాగదీసి
పిల్లిపంజాలా వంచాడు.
నన్ను నిటారుగా నిలబడమని
దూరం నుంచే కంటితో కొలిచి
పిడి మీద బొగ్గుగీత పెట్టాడు.
ఒక పనిముట్టు కోసం
నా ఒంటిని ఎవరైనా లెక్కలోకి తీసుకోవడం
అదే మొదలు.

ఈ ఏడు తాడు పట్టి వరసల్లో నాటాను నారు.
సందుల్లో గోళ్ళు గీరుకుంటూ వస్తాయి,
నేను వెనక్కి నడుస్తాను.
తెల్లటి గరికవేళ్ళు పైకి తేలతాయి
ఉడికిన సేమ్యాలా.
నడుమనేది ఒకటుందని
మధ్యాహ్నం దాకా గుర్తే రాలేదు.

చిక్కు అక్కడే వచ్చింది.
లాల్‌సరీకి నేను నాలుగు రోజులు బాకీ.
మాకు కూలిడబ్బుల్లేవు, బదుళ్ళే:
నువ్వు నా చేలో వంగిన రోజుకి
నేను నీ చేలో వంగే రోజు.
దంతె పట్టుకుని వెళ్ళాను.
నాలుగు రోజుల చేను
ఒకటిన్నర రోజులో తేలిపోయింది.

"ఇంకా రెండున్నర," అంది లాల్‌సరీ.
"చేనైపోయిందిగా?"
"నేను నీకు చేను ఇవ్వలేదు, రోజులిచ్చాను.
నాలుగు రోజులు వంగింది నా నడుము."

ఏం చెప్పను? నిజమే.
నాది అబద్ధమా అంటే, అదీ కాదు.
గట్టు మీద కూర్చుని
కాల్చిన మొక్కజొన్న పొత్తు చెరిసగం
మాట్లాడకుండా తిన్నాం.

తర్వాత నేనే లేచి
మొక్కల మొదట్లో, గోళ్ళకందని చోట
నక్కిన తుంగని వేళ్ళతో లాగడం మొదలెట్టాను,
వంగి.
ఆమె నా దంతె తీసుకుంది.
నాకన్నా జానెడు పొడుగు మనిషి.
రెండు వరసలు గీరి, ఆగి,
పిడిని అటూ ఇటూ తిప్పి చూసి
"రేపు హస్తబీర్ ఉంటాడా కొలిమి దగ్గర?" అంది.

ఉంటాడన్నాను.
వాన మొదలైంది.
బాకీ సంగతి తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
లెక్కలో మాత్రం
రెండున్నర అలాగే ఉంది.